మిగులు రోజులు

నమోదు 3106. ఆషాఢం, గురువారం.
బ్యాటరీ ఎనభై ఒకటి. సముద్రం మురికిగా ఉంది. చల్లనీళ్ళ గొట్టాల్లో నత్తగుల్లలు మళ్ళీ పట్టాయి.

పొద్దున్నే ఉప్పు తుడవడం. ఏడో గట్టు మీద ఎవరి బతుకైనా ఉప్పు తుడవడంతోనే మొదలవుతుంది. నేను పలకరింపు గది ఆపరేటర్ని కాబట్టి మిగతావాళ్ళకంటే ఆరు సోలార్ పలకలు ఎక్కువ తుడుస్తాను. పలకల మీద పేరుకున్న తెలుపును తడిగుడ్డతో తీస్తేనే ఎండ లోపలికి దిగుతుంది, ఎండ దిగితేనే నిల్వ నడుస్తుంది, నిల్వ నడిస్తేనే మా చచ్చినవాళ్ళు అవతల బతికి ఉంటారు. పోయేముందు తీసిన జ్ఞాపకాల నకళ్ళుగా, రెండువేల నాలుగువందల మంది. వాళ్ళలో ఒక్కరూ వచ్చి ఒక గుడ్డ పిండిపెట్టిన పాపాన పోలేదు. సముద్రపు నీళ్ళు ఊళ్ళ మీదికి రాకముందు నిల్వను ఎవరో కట్టి వెళ్ళిపోయారు. మాకు తుడవడం మాత్రం నేర్పారు.

ఈ రోజు పోతురాజుగారి తద్దినం. ఏడాదికొకసారి, తద్దినం రోజున, ఇంటివాళ్ళు వచ్చి గదిలో కూర్చుంటే పోయినవాళ్ళతో పదకొండు నిమిషాలు మాట్లాడిస్తాను. అంతకంటే కరెంటు చాలదు. ఆయన కూతురు సీతారత్నం వచ్చింది. మా పక్కిల్లే. గట్టు మీద రోగులకు మందులిచ్చేది ఆమే, మా అమ్మ దగ్గుకూ ఆమే చూస్తోంది. తండ్రీ కూతుళ్ళకు పదకొండు నిమిషాలూ పడవకు తారు పూయించాలా వద్దా అన్న దగ్గరే సరిపోయాయి. ముడుపు మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తరు కూడా.

పన్నెండో ఏట మా దగ్గర ప్రతివాళ్ళూ తమకు ఇష్టమైనదాన్ని ఒకదాన్ని అవతలికి దాచుకుంటారు. దాని పేరు రాగిరేకు మీద గీయించి, పసుపుగుడ్డలో పెట్టి మూడు ముళ్ళు వేసి, మా గదిలోని పెట్టెకు అప్పగిస్తారు. ఇక బతికినన్నాళ్ళూ దాన్ని ముట్టరు. ఇక్కడ వదులుకున్నది అక్కడ నిండుగా దొరుకుతుందని నమ్మకం. మనిషి పోయాక ఆపరేటరు ఆ మూట విప్పి, రేకు చదివి, సముద్రంలో వదలాలి. అందులో ఏముందో ఇంటివాళ్ళకు చెప్పకూడదు. పోయినవాళ్ళను అడగకూడదు. అడిగితే దిష్టి తగిలి అవతల ఉన్నది కరిగిపోతుందట.

సీతారత్నం వెళ్ళగానే మీట కట్టేయాలి. పొద్దున గుల్లలు గీకుతూ వేలు కోసుకున్నాను, దానికి గుడ్డ చుట్టుకుంటూ ఒక నిమిషం ఆలస్యం చేశాను.

"అమ్మాయ్, ఉన్నావా?" అన్నాడు పోతురాజుగారు.

"ఉన్నా బాబాయ్."

"ఒక్క మాట. మా అమ్మాయికి చెప్పబాకు. పనసతొన ఎట్టా ఉంటది?"

ఆరేళ్ళ కిందట ఆయన రేకు విప్పింది నేనే. దాని మీద గీసి ఉన్న మాట పనసతొన. కొండల వైపు నుంచి ఏడాదికొక పడవలో పనసకాయలు వస్తాయి. ఆ రోజు ఆయన ఇంట్లోంచి బయటికి రాకుండా తలుపేసుకునేవాడు.

"అదేంటి బాబాయ్, నీకక్కడ దొరకట్లేదా?"

"చెట్టుంది. కాయ ఉంది. కోస్తే లోపల ఏమీ లేదమ్మాయ్. సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా ఉంది. రోజూ కోస్తన్నా."

మీట కట్టేశాను.

ఇంటికి వెళితే అమ్మ దగ్గుతూనే వంట చేసింది. పళ్ళెంలో అన్నం పెట్టి, పళ్ళెం గడప మీద ఉంచి, పక్కకు జరిగి నిలబడింది. ఎప్పుడూ అంతే. మా అమ్మ పేరంటాలు నా చేతికి ఏదీ అందించదు. నాకు నీళ్ళు పోసిందీ జడ వేసిందీ మా పెద్దమ్మ. నాకిప్పుడు నలభై ఆరేళ్ళు. అమ్మ నన్ను ఒక్కసారి తాకినట్టు కూడా గుర్తు లేదు. కొందరు తల్లులకు పిల్లలంటే గిట్టదు, మనకు అలాంటి తల్లి దొరికింది అనుకుని చాలా ఏళ్ళ కిందటే ఆ సంగతి వదిలేశాను. వదిలేశానని చెప్పుకుంటాను.

నమోదు 3111.
బ్యాటరీ డెబ్బై ఆరు. మబ్బు.

దొంగకు తేలు కుట్టినట్టు అయింది నా పని. వినకూడనిది విన్నాను, ఎవరితోనూ అనలేను.

ఈ అయిదు రోజుల్లో మూడు తద్దినాలు వచ్చాయి. మూడుసార్లూ ఇంటివాళ్ళను పంపించి మీట కట్టేయకుండా ఉంచాను. తప్పే. సుభద్రమ్మ ముడుపు పాట. "నోరు తెరుస్తా, గాలి వస్తది, పాట రాదు" అంది. చిట్టిబాబు ముడుపు ఈత. సముద్రంలోకి దిగుతాడట, తడి తగలదట. మూడోవాడు పెద రంగయ్య. అతను కల్లు ముడుపు కట్టి, బతికినన్నాళ్ళూ దొంగచాటుగా తాగాడని గట్టంతా తెలుసు. పెద్దలు రెండుసార్లు పట్టుకుని నిలదీశారు కూడా.

"అక్కడ కల్లు ఎలా ఉంది?" అని అడిగాను.

"మా గొప్పగా ఉందమ్మా! వలల కొట్టం ఎనక కూచుని తాగేవాణ్ణే, అచ్చం అదే. పైన ఈగ కూడా అదే."

నవ్వొచ్చింది. నవ్వుతూ మీట కట్టేయబోయి ఆగాను. నిల్వలో ఉండేది మనం బతికిందే. బతకనిదాన్ని అది ఎక్కడినుంచి తెచ్చి పెడుతుంది? మేమేమో ఊరంతా కలిసి, తలా ఒక ఇష్టమైనదాన్ని ఏరి మరీ, బతక్కుండా వదిలేశాం. అవతల మాకు అన్నీ ఉంటాయి, దేనికోసం ఎదురుచూశామో అది తప్ప.

ఇంక నా ముడుపు సంగతి. అది గోంగూర. పన్నెండేళ్ళప్పుడు గట్టు మీద గోంగూర మొలిచేది కాదు, ఉప్పుకు మాడిపోయేది. ఎలాగూ దొరకనిదాన్ని కట్టేస్తే పోయేదేముందని తెలివిగా కట్టాను. రెండేళ్ళు తిరక్కుండా సీతారత్నం వాళ్ళమ్మ తొట్టెలో గోంగూర వేసింది. అది బతికింది. ఇప్పుడు ఏ ఇంట చూసినా అదే పచ్చడి. ముప్పై రెండేళ్ళుగా నేను పక్కింటి పోపు వాసనతో చప్పిడి అన్నం తింటున్నాను. ఇదంతా ఎందుకో ఈ రోజు తెలిసింది, దేనికీ కాదని.

నమోదు 3114.
బ్యాటరీ డెబ్బై తొమ్మిది.

నాకు ముందు ఈ గదిలో నలభై ఏళ్ళు పనిచేసిన రంగనాయకులు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయనకు చూపు పోయింది. అరుగు మీద కూర్చుని తడుముకుంటూ వల అల్లుతున్నాడు. నేను మొదలుపెట్టిన రెండో మాటకే చెయ్యెత్తి ఆపాడు.

"ఎన్నాళ్ళకు అడిగావే నాంచారీ. నేను రెండో ఏడే విన్నా."

"విని ఊరుకున్నారా మాస్టారూ?"

"ఈ ముడుపు ఎట్టా పుట్టిందో తెలుసా నీకు? నీళ్ళొచ్చిన కొత్తల్లో గట్టు మీద తినడానికి ఏమీ లేదు. పిల్లలం మామిడిపండు కావాలని ఏడిస్తే మా అమ్మలు యాడి నుంచి తెస్తారు? 'అవతలికి పోయాక తిందువులే, నీ కోసం బుట్టెడు దాచిపెట్టారంట' అనేవోళ్ళు. ఏడుపు మానడానికి చెప్పిన మాట అది, అంతే. మేం పెద్దయ్యి దాన్ని ఆచారం చేశాం."

"ఇప్పుడు మామిడిపళ్ళు వస్తున్నాయి కదా."

"వస్తన్నయ్. ఆచారం పోదుగా."

"చెప్పేద్దాం మాస్టారూ. అందర్నీ కూర్చోబెట్టి చెప్పేద్దాం."

"ఏమని? మీ నాయన రోజూ ఉత్త కాయ కోసుకుంటన్నాడని చెప్తావా సీతారత్నానికి?" వల ఒళ్ళోంచి కిందికి జారింది. "బతికున్నోళ్ళకు చెప్పాల్సిందేలే. నాకు ధైర్యం చాలలా. నా పెళ్ళాం ముడుపు కూడా నేనే విప్పా. అప్పుడు కూడా చాలలా."

లేచి వస్తుంటే పిలిచాడు. "ముందు మీ అమ్మతో మొదలుపెట్టు. ఆవిడకు ఎక్కువ రోజుల్లేవంటన్నారు. ఆవిడది రెండో ముడుపు ఒకటుంది, పెద్దయ్యాక కట్టింది. రేకు గీసింది నేనే. నువ్వు పుట్టిన పదకొండో రోజున."

నమోదు 3115.

బతికున్న మనిషి ముడుపు విప్పకూడదు. విప్పాను. ఉద్యోగం పీకేస్తే పీకేయనీ, ఆరు పలకలు తుడిచే బాధ తప్పుతుంది.

గుడ్డ పసుపు ఎప్పుడో వెలిసిపోయింది. రేకు మీద మాస్టారి వంకర అక్షరాలు: "నా బిడ్డను ఎత్తుకోవడం. ఒళ్ళో పెట్టుకోవడం. తాకడం. దాని ప్రాణం నిలబడితే చాలు."

నాకు ముందు ఒక అన్నయ్య పుట్టాడని తెలుసు. పదకొండు నెలలవాడు, జ్వరంతో అమ్మ చేతుల్లోనే పోయాడు. నేను పుట్టిన ఏడు మళ్ళీ అదే జ్వరం వచ్చి గట్టు మీద పద్నాలుగు మంది పసివాళ్ళు పోయారనీ, నాకూ వచ్చి తగ్గిందనీ, పురిట్లో అమ్మకు ఒళ్ళు తెలియక అప్పటిదాకా నన్ను తనే ఎత్తుకుందనీ పెద్దమ్మ చెప్పేది. తగ్గడానికి ముందురోజు అమ్మ ఈ గదికి వచ్చి వెళ్ళిందని మాత్రం చెప్పలేదు.

ఎనిమిదేళ్ళప్పుడు నిచ్చెన మీంచి పడ్డాను. తల పగిలి నెత్తురు కారుతోంది. అమ్మ నాకు రెండడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి పెద్దమ్మ కోసం కేకలు పెట్టింది. ఆ చేతులు కట్టుకోవడాన్ని నేను ఆమెకు ఏనాడూ క్షమించలేదు. ఈ రోజు రేకు పట్టుకుని కూర్చుంటే తెలిసింది, ఆవిడ చేతులు కట్టుకోలేదు, ఒక చేత్తో ఇంకో చేతిని పట్టి ఆపుకుంది.

ఏడ్చాను. ముక్కు తుడుచుకోవడానికి పలకల గుడ్డ తప్ప ఏమీ దొరకలేదు. మొహమంతా ఉప్పు.

నమోదు 3117.
బ్యాటరీ చూడలేదు.

మధ్యాహ్నం అమ్మ చూరు నీడలో కూర్చుని ఎండురొయ్యల తలలు తుంచుతోంది. నేను చేట అవతల కూర్చున్నాను.

"నీ ముడుపు విప్పానమ్మా. రెండోది."

చేతులు ఆగాయి. "నేను బతికుండంగానా? బుద్ధుందా నీకు?"

అంతా చెప్పాను. పోతురాజుగారి పనసకాయ, సుభద్రమ్మ గాలి, రంగయ్య ఈగ. అమ్మ అడ్డం రాకుండా విని, మళ్ళీ రొయ్యలు అందుకుంది.

"అయితే అవతల నువ్వు నా ఒళ్ళోకి రావంటావు."

"నేను చచ్చి వచ్చినా నీ చేతికి తగలనమ్మా. నీకు తెలియనిది అక్కడ ఉండదు. అందుకే చెబుతున్నాను. ఇప్పుడు ఒక్కసారి ఎత్తుకో. నకలు తీయకముందే. అప్పుడది నిల్వలోకి వెళుతుంది, నీకు ఎప్పటికీ ఉంటుంది."

"నేను అవతల కోసం కట్టలేదే అది. నువ్వు బతకాలని కట్టా. అవతల దొరుకుద్దన్నది పైమాట. దొరికితే మంచిదే, దొరక్కపోతే మానె."

"నాకు నలభై ఆరేళ్ళు. ఇప్పుడు ముట్టుకుంటే ఏమైపోతాను?"

"ఆ నలభై ఆరేళ్ళు ఎట్టా వచ్చినయ్ అనుకుంటన్నావు?"

నాకు కోపం వచ్చింది. "నీ జన్మంతా వృథా చేసుకున్నావు. నా చిన్నతనాన్ని కూడా కలిపి వృథా చేశావు. నాకు ప్రాణం ఒక్కటే కాదమ్మా, అమ్మ కూడా కావలసి వచ్చింది" అన్నాను. ఇంతవరకూ ఆ మాట నాలో నేను కూడా అనుకోలేదు.

చేటలో రొయ్యలన్నీ అయిపోయాయి, అమ్మ ఖాళీ చేటనే తడుముతోంది.

"నీది నువ్వు చెప్పావు, అది నిజమేలే. నాది వినుకో. పొద్దున్నే లేచి నీ మంచం కాడికొచ్చి, ఊపిరి తీస్తన్నావా లేదా అని చూసేదాన్ని. తీస్తంటే, సరే, ఇయ్యాళ్టికి నా ముడుపు పనిచేసింది అనుకుని పొయ్యి ఎలిగించేదాన్ని. ఇప్పటికీ చూస్తా. మీ అన్న పోయినాక నాకు పొయ్యి ఎలిగించడానికి ఇంకో కారణం లేదు. వృథా అంటే ఏంటో నాకు తెలవదు నాంచారీ."

చేట ఎత్తుకుని లోపలికి పోయింది. నా పక్కనుంచి వెళుతూ, కొంగు నాకు తగలకుండా దోపుకుంది.

నాకు ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. బిడ్డను ఎత్తుకోవడమంటే అమ్మకు గుర్తుండిపోయింది ఒక్కటే, జ్వరంతో కాలిపోతున్న అన్నయ్య. నిల్వలోకి వెళ్ళేది అదే.

నమోదు 3121. శ్రావణ శుక్రవారం.
బ్యాటరీ తొంభై. మంచి ఎండ.

అమ్మ నకలు ఈ రోజు తీశాను. ఊపిరి ఇంకా అందకపోతే బుర్ర మసకబారుతుంది, ఆలస్యం చేయవద్దని సీతారత్నం గట్టిగా చెప్పింది. అమ్మ కూడా శుక్రవారమే కావాలంది. నకలు తీసే తలకట్టు పెట్టాల్సింది ఆపరేటరు. అమ్మ ఒప్పుకోలేదు. సీతారత్నం చేత పెట్టించుకుంది.

నకలు ఒక్కసారే. ముద్ర వేశాక ఆ మనిషి అవతలికి చేరిపోయినట్టు. ఒక పేరు కింద ఇంకో నకలును నిల్వ తీసుకోదు. ముద్ర పడ్డాక శరీరం ఎన్నాళ్ళు ఆడితే అన్నాళ్ళు మిగులు రోజులంటారు. మిగులులో ఉన్నవాళ్ళను ఎవరూ పని అడగరు, సలహా అడగరు. కడిగి బోర్లించిన గిన్నెలా చూస్తారు.

మూడు గంటలు పట్టింది. చివర ముద్ర వేసేముందు అమ్మ వైపు చూశాను. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా. ఇదే ఆఖరు. ఒక్కసారి, వేలితో ముట్టుకున్నా చాలు."

అమ్మ పెదవులు కదిలాయి. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. "ముద్ర వెయ్యి" అంది.

ఎవరిమీద కోపంతో వేశానో తెలియదు. నా వేలితో నేనే వేశాను.

సీతారత్నం తలకట్టు తీసింది. అమ్మ కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుని, "చేరిందా?" అంది.

"చేరింది."

"ముడుపు కూడా నాతోపాటు చేరినట్టేగా?"

"చేరినట్టే."

"అయితే ఇంక నాకు పట్టింపు లేదుగా. మాట నిలబెట్టుకున్నా." తొడల కిందినుంచి చేతులు తీసింది. "ఇట్టా రా."

నేను కదల్లేదు. ఎలా వెళ్ళాలో నాకు తెలియదు. సీతారత్నం వెనకనుంచి నన్ను ఒక తోపు తోసింది.

అమ్మ నా తల లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతులు ఎండురొయ్యల వాసన వేశాయి. ఉప్పుకు గరుకెక్కిన అరచేతులు నా మొహమంతా తిరిగాయి, కళ్ళు, ముక్కు, చెవులు, ఏదో కొనేముందు చూసుకున్నట్టు.

"ఎంత బరువే నీ తలకాయ! పుట్టినప్పుడు కొబ్బరికాయంత లేదు." నుదుటి పైన మచ్చ దగ్గర ఆగింది. "ఇదేనా, నిచ్చెన దెబ్బ?"

"ఇదే."

బొటనవేలు మచ్చ మీద పెట్టి అదిమి పట్టుకుంది. నెత్తురు ఆపడానికి పట్టుకున్నట్టు చాలాసేపు పట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత.

సంతోషంగా ఉండాల్సింది. ఉన్నాను కూడా. కానీ పక్కగదిలో నిల్వ రొద చేస్తూనే ఉంది, ఇది ఇందులో లేదు, ఇది ఇందులో లేదు అని నా మనసు కొట్టుకుంటూనే ఉంది. సాయంత్రం అమ్మ నిద్రపోయాక తలకట్టు ఇంటికి తెచ్చి మళ్ళీ పెట్టి చూశాను. పేరు ముందే ఉంది, తీసుకోను అంది. అయిదుసార్లు పెట్టాను. అయిదుసార్లూ అదే మాట.

నమోదు 3126.

పలకలు సీతారత్నం తుడుస్తోంది. నేను ఇంటి దగ్గరే ఉంటున్నాను.

అమ్మకు పని ఎక్కువైంది. పొద్దున నాకు తలంటు పోసింది. జడ వేసింది. నెరిసిన జుట్టుకు రెండు జడలేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనీ. మధ్యాహ్నం కలిపి ముద్దలు పెట్టింది. నిన్న నీళ్ళకు వెళ్ళి ఆలస్యంగా వస్తే వీపు మీద ఒకటి చరిచింది కూడా. "యాడ తిరుగుతన్నావు, రోజులేమన్నా ఎక్కువున్నయ్యా మనకి?" నలభై ఆరేళ్ళ వయసులో అమ్మ చేతి మొదటి దెబ్బ తిన్నాను. నొప్పిగా ఉంది, బాగుంది.

మిగులులో ఉన్న మనిషి ఇంత సందడి చేయడం గట్టు మీద ఎవరూ చూడలేదు. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోతున్నారు.

ఈ మధ్యాహ్నం జడ అల్లుతూ అల్లుతూ ఆపేసింది.

"నాంచారీ. ముందే ఎత్తుకున్నా నువ్వు బతికేదానివా?"

నిజం నాకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను. జ్వరానికి రాగిరేకు అడ్డమేమిటి? కానీ ఆ ముసలి చేతులు సగం జడ పట్టుకుని ఎదురుచూస్తున్నాయి.

"లేదమ్మా. అప్పటి జ్వరం గట్టిది. నువ్వు ముడుపు కట్టావు కాబట్టే బతికాను."

"అట్టా అయితే సరే" అని మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. మామిడిపండు అవతల ఉందని పిల్లలకు చెప్పిన ఆ కరువు తల్లుల మీద నాకున్న కోపం ఆ క్షణాన పోయింది.

నమోదు 3130. ఆదివారం.

అమ్మ పోయింది. పొద్దున ఎనిమిదింటికి, నా చెయ్యి పట్టుకుని. మొత్తం తొమ్మిది రోజులు. మిగులు అన్నది ఎవరు పెట్టిన పేరో గానీ మాకు మొత్తం బతుకు అదే.

సాయంత్రం ఆమె రేకులు రెండూ సముద్రంలో వదిలాను. పన్నెండేళ్ళప్పటిది విప్పితే అందులో చెరుకుగడ. ఆమె చెరుకు తినడం నేను నిజంగానే చూడలేదు.

తర్వాత పెట్టెలోంచి నా ముడుపు తీసి విప్పి, అదే నీళ్ళలో పారేసి, సీతారత్నం ఇంటికి వెళ్ళి గోంగూర పచ్చడి పెట్టమన్నాను. చూరుకింద కూర్చుని తిన్నాను. ఇంత పుల్లగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళవెంట నీళ్ళు కారాయి. అమ్మ బతికుండగా తినాల్సింది. అప్పుడు ఆమెకు చెబితే నవ్వేది.

అంతా సీతారత్నానికి చెప్పాను. వాళ్ళ నాన్న సంగతి కూడా. ఆమె చాలాసేపు ఏడ్చి, "ఇన్నాళ్ళూ తారు గురించి మాట్లాడి చచ్చాను" అంది.

నమోదు 3484. గురువారం.
బ్యాటరీ ఎనభై ఎనిమిది. ఆకాశం తేటగా ఉంది.

ఈ ఏడాదిలో ముడుపు కట్టడానికి వచ్చిన పిల్లలను పదకొండు మందిని వెనక్కి పంపాను. ఎందుకో చెప్పి పంపాను. పెద్దలు నాతో మాట్లాడటం మానేశారు. మాస్టారు మాత్రం కర్ర పట్టుకుని వచ్చి సభలో నా పక్కన నిలబడ్డాడు. సగంమంది ఇంకా నమ్మరు. సుభద్రమ్మ మనవరాలు మాత్రం గట్టు మీద పాడుకుంటూ తిరుగుతోంది. గొంతు ఏమంత బాగుండదు.

పోయిన నెల పోతురాజుగారి తద్దినానికి సీతారత్నం పనసపండు కోసి పక్కన పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క తొన తింటూ పదకొండు నిమిషాలూ ఆయనకు చెప్పింది. జిగురు వేళ్ళకు ఎలా అంటుకుంటుందో, తీపి ఎక్కడ మొదలవుతుందో. ఆయనకు రుచి రాలేదు. "ఇంకా చెప్పు, ఇంకా చెప్పు" అన్నాడు.

ఈ రోజు అమ్మ తద్దినం. మీట వేశాను. పక్కన ఎవరినీ ఉండనివ్వలేదు.

"నాంచారీ, గొంతు మారిందేంటే?"

"జలుబమ్మా."

"ఉప్పునీళ్ళు పుక్కిలించు." తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పిందే నిజమైంది. మీ అన్న ఉన్నాడు ఇక్కడ, నా చేతుల్లో. వాడి ఒళ్ళు కాలతానే ఉంది, తగ్గదు, వాణ్ణి దించలేకపోతన్నా. నీ కోసం చెయ్యి చాపితే ఏమీ తగలట్లా."

మీట మీదికి పోయిన చేతిని వెనక్కి తీసుకున్నాను. గడియారంలో రెండు నిమిషాలు పోయాయి.

"ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ముద్ర పడ్డాక నిన్ను ఎత్తుకుందామనే అనుకున్నా. చేతులు తొడల కింద పెట్టుకుని అదే అనుకుంటా కూచున్నా. ఆడిదాకా గుర్తుంది. ఆ తర్వాత లేదు. ఎత్తుకున్నానా?"

"ఎత్తుకున్నావమ్మా. తొమ్మిది రోజులు."

లైను తెగిందేమోనని తీగ కదిపి చూశాను.

"ఎట్టా ఉంది?" అంది అమ్మ.

ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. "నీ చేతులు ఎండురొయ్యల వాసన వేశాయమ్మా" అని మొదలుపెట్టాను.